మాత్సర్యం లేని డిపో

ఒక బస్సు మరో వాహనాన్ని దాటరాదని సర్క్యులర్ వచ్చిన రోజున దిబ్బలరేవు డిపోలో ఎవరూ కంగారు పడలేదు. అంతకు ముందే అలాంటివి చాలా వచ్చాయి. బండి ఎక్కే ముందు స్టీరింగుకు నమస్కరించాలని ఒకటి వచ్చింది, డ్రైవర్లు నమస్కరించారు. ప్రతి ప్రయాణికుడిలో దైవాన్ని చూడాలని ఒకటి వచ్చింది. కండక్టర్లు చూశారు, చూసి టికెట్టు అడిగారు. ధనం పట్ల అనాసక్తి పెంచుకోవాలని ఇంకొకటి వచ్చింది. చిల్లర తిరిగి ఇచ్చే విషయంలో సిబ్బంది ఆ అనాసక్తిని ఏనాడో సాధించి ఉన్నారు కాబట్టి దాన్ని కొత్తగా అమలు చేయవలసిన పని పడలేదు.

వీటన్నిటికీ మూలం డివిజనల్ మేనేజర్ పీతాంబరం. ఆయన కార్యాలయం డిపో మేడ మీద ఉంది. శివరాత్రి తర్వాత ఆయన సెలవు పెట్టి ఒక ఆశ్రమంలో శిబిరానికి వెళ్లారు. నిత్యజీవితాన్నే సాధనగా మార్చుకోవడం ఎలాగో అక్కడ నేర్పారు. నేర్చుకున్నది ముందు ఇంట్లో అమలు చేయబోయారని, భార్య ఒప్పుకోలేదని డిపోలో చెప్పుకున్నారు. డివిజన్‌లో ఒప్పుకోని వాళ్లు ఎవరూ లేరు. ‘సంస్థ సిబ్బందికి ఆధ్యాత్మిక దినచర్య: మార్గదర్శక సూత్రాలు’ అనే పేరుతో సర్క్యులర్లు మొదలయ్యాయి.

ఓవర్‌టేక్ మీద వచ్చిన దాన్ని పీతాంబరం స్వయంగా గ్యారేజీ ముందు నిలబడి చదివారు.

“ముందు పోవువానిని చూచి ఓర్వలేకపోవుట మాత్సర్యము. రోడ్డు మీద ఆ మాత్సర్యమే ఓవర్‌టేక్ రూపమున వ్యక్తమగుచున్నది. కావున నేటి నుండి సంస్థ వాహనము ఏ ఇతర వాహనమునూ దాటరాదు. ఉల్లంఘించిన వారిపై క్రమశిక్షణా చర్య ప్రేమపూర్వకముగా తీసుకొనబడును.”

తొలి బండి నడిపే అప్పలసూరి చెయ్యెత్తాడు. “ముందర గడ్డి ట్రాక్టరుంటే ఏటి సెయ్యాలండి?”

“ట్రాక్టరులోనూ ఉన్నది అదే చైతన్యమని భావించండి, అప్పలసూరి గారూ.”

“భావిస్తానండి. అది ఆగిపోనాదనుకోండి, అప్పుడో?”

“మీరూ ఆగండి. ఆగడం కూడా ప్రయాణమే.”

డిపో మేనేజర్ తవిటినాయుడు ఆ మాట రాసుకున్నాడు. ఆయన పై అధికారి ఏం చెప్పినా రాసుకుంటాడు. రాసుకుంటే సగం పని అయినట్టేనని, మిగతా సగం ఎవరూ అడగరని ఆయన సర్వీసు ఆయనకు నేర్పింది.

అప్పలసూరి నడిపే తొలి బండిని ఊళ్లో చేపల బండి అంటారు. దిబ్బలరేవు ఆడవాళ్లు తెల్లారకుండానే ఒడ్డున చేపలు కొని, బుట్టల్లో ఐసు వేసుకుని, ఆ బండిలో సింగరాయపట్నం మార్కెట్‌కు వెళ్తారు. హోటళ్ల వాళ్లు ఎండ ఎక్కకముందే వచ్చి కొంటారు. వాళ్లు వెళ్లిపోయాక మిగిలేది ఇళ్ల బేరం. అందులో బస్సు ఛార్జీ కూడా రాదు.

నూకరత్నం ఆ ఆడవాళ్లలో పెద్దది. సింగరాయపట్నం మార్కెట్లో రేకుల షెడ్డు కింద ఆమెకో సిమెంటు అరుగు ఉంది. అది ఆమె అత్త కూర్చున్న చోటు. దానికి పట్టా లేదు, అద్దె లేదు. పొద్దున్నే అరుగు మీద బుట్ట దిగితే చోటు ఆమెది. కొన్నాళ్లు వరసగా దిగకపోతే కాదు. ఎన్నాళ్లన్నది ఎక్కడా రాసి లేదు; పక్కవాళ్ల ఓర్పును బట్టి ఉంటుంది. షెడ్డు బయట ఎండలో ఐసు పెట్టెల వ్యాపారి ఒకడు రెండేళ్లుగా ఆ అరుగు మీద కన్నేసి ఉన్నాడు.

సర్క్యులర్ వచ్చిన మర్నాడు తొలి బండి ఊరు దాటగానే గడ్డి ట్రాక్టరు వెనక పడింది. అప్పలసూరి దాని వెనకే వెళ్లాడు. ట్రాక్టరు పొలంలోకి తిరిగాక గొర్రెల మంద వచ్చింది. మంద వెనక వెళ్లాడు. సైకిలు మీద పాలవాడు బస్సును దాటి, వెనక్కి తిరిగి చూసి, బండికేమైనా అయిందా అని అడిగాడు. చేపల ఆడవాళ్లు అప్పలసూరిని మొదట బతిమాలారు, తర్వాత తిట్టారు. తాను తిట్లను కూడా సమభావంతో తీసుకోవాలని ఇంకో సర్క్యులర్ ఉందని అతను చెప్పాడు.

నూకరత్నం వెళ్లేసరికి అరుగు మీద ఐసు పెట్టె ఉంది. ఆమె దాన్ని కిందకి తోసింది. వ్యాపారి గొడవ పెట్టుకోలేదు. “ఇయ్యాల నీదే అత్తా. రేపో?” అన్నాడు.

డివిజన్ అంతటా ఇదే జరిగింది. ఎక్స్‌ప్రెస్‌లు పల్లె బస్సుల వెనక, పల్లె బస్సులు ఎడ్లబండ్ల వెనక నడిచాయి. ఒక ఎక్స్‌ప్రెస్ శవయాత్ర వెనక శ్మశానం మలుపు దాకా వెళ్లింది. ప్రయాణికుల్లో పట్టింపు ఉన్నవాళ్లు అక్కడి బోరింగు దగ్గర దిగి స్నానం చేసి ఎక్కారు. కండక్టరు ఆగి వాళ్లను ఎక్కించుకున్నాడు, ఆగడం కూడా ప్రయాణమే కాబట్టి.

మధ్యాహ్నాలకు అన్ని బస్సులూ ఒకే వరసలో డిపోకు తిరిగి వచ్చేవి. పీతాంబరం మేడ మీది కిటికీలోంచి ఆ వరసను చూశారు. దాన్ని ఫొటో తీయించి హెడ్డాఫీసుకు పంపారు. ఫొటో కింద ‘చక్రాలపై సత్సంగం’ అని రాయించారు. ప్రమాదాలు తగ్గినట్టు నివేదిక కూడా జతచేశారు. అందులో అబద్ధం లేదు. అంత నెమ్మదిగా వెళ్లే బస్సు కింద పడాలంటే మనిషి ప్రయత్నం చేయాలి.

హెడ్డాఫీసు సంతోషించింది. రాష్ట్రంలో ఆదర్శ ఆధ్యాత్మిక డిపోకు పురస్కారం ఇవ్వాలని నిర్ణయించామని, త్వరలో కమిటీ వస్తుందని రాసింది.

ఆ ఉత్తరం వచ్చిన రోజునే నూకరత్నం మేడ ఎక్కింది. పీతాంబరం ఆమెను కూర్చోమన్నారు. ఆమె బుట్టను గుమ్మం బయట దించి, నిలబడే మాట్లాడింది. అరుగు సంగతి చెప్పింది. హోటళ్ల వాళ్లు వెళ్లిపోయాక చేరుతున్నామని, ఐసు పెట్టెల వాడు ఇప్పటికే సగం అరుగు ఎక్కాడని, ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే అత్త నాటి చోటు పోతుందని చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

“ఆలస్యం అనేది కాలంలో లేదమ్మా. మనసులో ఉంది.”

“నా మనసుకైతే సర్ది సెప్పుకుంటాను బాబూ. చేపకెవలు సెప్తారు?”

“సకాలంలో చేరాలన్న కోరికే మీ దుఃఖానికి మూలం.”

“కాదు బాబూ. మీ బండి.”

సార్ చాలా లోతైన మాట చెప్పారని, ఇంటికెళ్లి నెమ్మదిగా ఆలోచించుకోమని తవిటినాయుడు కలగజేసుకున్నాడు.

“లోతు మాకు తెలీదేటి నాయుడు బాబూ,” అంది నూకరత్నం. “మావోళ్లు దినం అక్కడే వలేస్తారు.”

ఆమె దిగి వెళ్లాక పీతాంబరం గదిలో అగరొత్తులు వెలిగించమన్నారు.

అంతవరకు చిక్కు ప్రయాణికులకే. డిపోకు చిక్కు ఆ తర్వాత వచ్చింది. సూపర్ లగ్జరీ డ్రైవరు ఒకడు అర్జీ పెట్టాడు. పొద్దున్నే తొలి బండి బయల్దేరుతుంది కాబట్టి, దాన్ని ఎవరూ దాటరు కాబట్టి, రోజంతా డిపో బస్సులన్నిటికీ అప్పలసూరే ముందుంటున్నాడని అందులో రాశాడు. తనకు మాత్సర్యం ఏమాత్రం లేదని, అప్పలసూరి ఆత్మ ఏమైపోతుందోనన్నదే తన దిగులని కూడా రాశాడు.

పీతాంబరం ఆ అర్జీని ఒక రోజు ధ్యానంలో పెట్టుకున్నారు. వెనకున్న వాడి మాత్సర్యాన్ని తాను తొలగించారు. ముందున్న వాడి మదం సంగతి ఆలోచించలేదు. అప్పలసూరికి మెమో వెళ్లింది. ముందుండుట వలన కలిగిన అతిశయమునకు సంజాయిషీ ఇవ్వవలసిందని అడిగారు. ఎనకోళ్లు దాటరు కాబట్టి తాను ముందున్నానని, అందులో తన గొప్ప ఏమీ లేదని అతను జవాబిచ్చాడు. గొప్ప లేదని చాటుకోవడం మదంలో సూక్ష్మమైన రకమని పీతాంబరం ఆ జవాబు మీద రాసి, ఇంక్రిమెంటు ఆపారు.

వెంటనే రెండో సర్క్యులర్ వచ్చింది. ఏ డ్రైవరూ ముందుగా బయలుదేరవలెనని కోరుకొనరాదు. గేటు వద్ద తోటి డ్రైవరును చూచి ‘ముందు మీరు’ అని ఆహ్వానించవలెను. ఆహ్వానింపబడినవాడు వినయముతో అదే మాట తిరిగి పలుకవలెను. ముందుగా గేటు దాటిన వానిపై విచారణ జరుపబడును.

ముందుగా ఎవరూ దాటకపోతే రెండోవాడు ఎలా దాటుతాడని తవిటినాయుడికి సందేహం వచ్చింది. కానీ ఆయన అప్పటికే సర్క్యులర్‌ను రాసుకుని ఉన్నాడు.

మర్నాడు తెల్లారకముందు అప్పలసూరి తొలి బండిని గేటు దాకా తెచ్చి ఆపాడు. వెనక ఎక్స్‌ప్రెస్ వచ్చింది. అప్పలసూరి తల బయటపెట్టి ముందు మీరు అన్నాడు. ఎక్స్‌ప్రెస్ డ్రైవరు అయ్యో మీరే అన్నాడు. సూపర్ లగ్జరీ డ్రైవరు కిందికి దిగి వచ్చి ఇద్దరికీ నమస్కారం పెట్టి, తనకన్నా వాళ్లు పెద్దవాళ్లని, వాళ్లు కదిలాకే తాను కదులుతానని చెప్పాడు. ముందు రోజు వరకు ఇతను గేటు దగ్గర హారను మీంచి చెయ్యి తీసేవాడు కాదు. ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. తెల్లవారింది. గేటు తెరిచే ఉంది. వాచ్‌మన్ తాను తెరవడం వల్ల ఎవరి ముందైనా పడ్డానేమోనని పక్కకు తప్పుకున్నాడు.

చేపల ఆడవాళ్లు బండిలో కూర్చుని చూశారు. నూకరత్నం దిగి డ్రైవరు సీటు కింద నిలబడింది.

“కదుల్తావా, కదలవా?”

“ఇంక్రిమెంటు పోనాదప్పా. ఇప్పుడు కదిలితే ఉద్యోగం పోద్ది.”

“నా చోటు పోతంది సూరీ.”

అప్పలసూరి ఆమె వైపు చూడలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, వెనక బండి డ్రైవరును మరోసారి ఆహ్వానించాడు.

ఆటోలో వెళ్దామని చేపల ఆడవాళ్లు ఒకసారి అనుకున్నారు. అంత దూరానికి ఆటోవాడు అడిగింది చేపల ధరకన్నా ఎక్కువ. ఈలోగా మార్కెట్లో కూరగాయలమ్మే ఆమె నూకరత్నానికి ఫోను చేసింది. ఐసు పెట్టెల వాడు అరుగు మొత్తం ఎక్కాడని, కొబ్బరికాయ కూడా కొట్టాడని చెప్పింది. నూకరత్నం ఫోను కొంగులో ముడేసుకుంది. బండిలోకి వెళ్లి తన బుట్ట దించుకుంది. ఒకటో ప్లాట్‌ఫారం అంచున గోనె పరిచి, బుట్ట మీద గుడ్డ తీసి, వంజరాలు ఒక వైపు, పీతలు ఒక వైపు పేర్చింది. కత్తిపీట ముందు పెట్టుకుని కూర్చుంది. మిగతా ఆడవాళ్లు ఆమె పక్కన సర్దుకున్నారు.

ఎక్కడికీ వెళ్లలేని ప్రయాణికులు డిపో నిండా ఉన్నారు. ఎలాగూ ఇంటికే తిరిగి వెళ్లాలి కాబట్టి కొన్నారు. చేపల బండి రాలేదని తెలిసి సింగరాయపట్నం హోటళ్ల వాళ్లే ఆటోలు వేసుకుని డిపోకు వచ్చారు. వాళ్ల ఆటోలు రోడ్డు మీద దేన్ని పడితే దాన్ని దాటుకుంటూ వచ్చాయి. మధ్యాహ్నానికి బుట్టలు ఖాళీ అయ్యాయి. అప్పటికి గేటు దగ్గర వినయం ఇంకా తేలలేదు. డ్రైవర్లు డ్యూటీ దిగే వేళ అయింది. ముందు ఎవరు దిగాలన్న దాని మీద కొంత ఆలస్యం జరిగింది.

అలా కొన్నాళ్లు నడిచింది. తవిటినాయుడు రోజూ ‘డీజిలు ఖర్చు: స్వల్పం, ప్రమాదాలు: లేవు’ అని పైకి పంపేవాడు. చేపల వాసన మెట్లెక్కి పీతాంబరం ధ్యానపు గదిలోకి వచ్చింది. అగరొత్తుల పెట్టెలు ఎన్ని తెప్పించినా చేపల వాసనే గెలిచింది. ఆ ఆడవాళ్లను పంపించివేయమని ఆయన తవిటినాయుణ్ణి ఆదేశించారు.

తవిటినాయుడు వెళ్లి చెప్పాడు. బండి కదిపితే తామే పోతామని నూకరత్నం అంది. ఆయన తిరిగి వచ్చి ఆ మాటే చెప్పాడు.

సరిగ్గా అప్పుడు కమిటీ మర్నాడు వస్తుందని కబురు వచ్చింది. బస్సుల వరస కమిటీకి చూపించాలని పీతాంబరం అనుకున్నారు. వరస అంటే నడిచే వరస. ఆయన గేటు దగ్గరికి వచ్చి అప్పలసూరిని ముందు వెళ్లమన్నారు. రాతపూర్వకంగా ఇస్తే వెళ్తానని అతను చేతులు కట్టుకున్నాడు. ఒకరిని ముందు నిలిపే ఆజ్ఞ తన చేతి మీదుగా రావడం సూత్రాలకు విరుద్ధమని చెప్పి, పీతాంబరం దాన్ని తవిటినాయుణ్ణి రాయమన్నారు.

తవిటినాయుడు తన జీవితంలో మొదటిసారి కలం జేబులో పెట్టుకున్నాడు.

“ముందు మీరు సంతకం పెట్టండి సార్. నేను కింద పెడతాను.”

ఎవరూ పెట్టలేదు.

కమిటీ కారులో వచ్చింది. గేటు దగ్గర ఆగి ఉన్న బస్సులను, ఒకరికొకరు నమస్కరించుకుంటున్న డ్రైవర్లను చూసింది. పీతాంబరం కమిటీ అధ్యక్షుడి పక్కన నిలబడి చెమట తుడుచుకున్నారు. అధ్యక్షుడు ప్లాట్‌ఫారం మీదికి వెళ్లారు. అక్కడ సంచులతో నిలబడి ఉన్న ఒకాయనను మీరు ఎక్కడికి వెళ్లాలని అడిగారు.

ఎక్కడికీ లేదని, చేపలకు వచ్చానని ఆయన చెప్పాడు.

పక్కనున్న ఆమెను అడిగారు. తనకూ ఎక్కడికీ లేదని ఆమె చెప్పింది. బస్సు ఎప్పుడు వస్తుందని ఎవరూ అడగడం లేదా అని అధ్యక్షుడు అడిగారు. మొదట్లో అడిగేవాళ్లమని, ఇప్పుడు మానేశామని చాలామంది చెప్పారు. ఆయన నూకరత్నం ముందు కూడా ఆగారు. పీతల ధర అడిగి, ఆమె చెప్పింది విని, ముందుకు నడిచారు.

కమిటీ నివేదిక తర్వాత పత్రికల్లో వచ్చింది. ‘సిబ్బందిలో అహంకారము నశించుట ఇతర డిపోలలోనూ కొంత కనబడినది. ప్రయాణికులలో గమ్యకాంక్షయే నశించుట ఈ డిపోలో మాత్రమే చూచితిమి’ అని అందులో ఉంది. పురస్కారం దిబ్బలరేవుకే వచ్చింది. హెడ్డాఫీసులో ఆధ్యాత్మిక విభాగం ఒకటి తెరిచి పీతాంబరాన్ని దానికి అధిపతిని చేశారు. ఆయన కారులో వెళ్లారు. డ్రైవరుకు తొందరగా పోనివ్వమని చెప్పారని గేటు దగ్గరున్న వాళ్లు విన్నారు.

ఆయన చోటికి వచ్చిన కొత్త మేనేజరు మొదటి రోజే పాత సర్క్యులర్లన్నీ రద్దు చేశాడు. ఆయనది ఇంకో పట్టు. సీట్లు నిండాయా లేదా అన్నదొక్కటే అడుగుతాడు. తవిటినాయుడు అది కూడా రాసుకున్నాడు.

అప్పలసూరి ఆ సాయంత్రమే ప్లాట్‌ఫారం దగ్గరికి వచ్చి చెప్పాడు. రేపటి నుంచి ట్రాక్టరు లేదు, గొర్రెలు లేవు, దేన్నైనా దాటుకుపోవచ్చు. పొద్దు పొడవకుండా పట్నంలో దింపుతాను, రండి.

“దిగి ఎక్కడ కూకోమంటావు?” అంది నూకరత్నం.

అప్పలసూరి గోనె పక్కన కూర్చున్నాడు.

“మీ అత్త చోటు కదప్పా. ఓసారొచ్చి అడిగి సూడు.”

“అడిగినాను. ఆడు పాపం మంచోడే. రెండేళ్లు ఎండలో కాసినాడు, ఇప్పుడు నీడకొచ్చినాడు. లెగమంటే లెగుస్తాడా?” ఆమె చేప తోమడం ఆపలేదు. “నీ మీద కోపం నేదులే. నీకు ఉద్యోగముంది. ఎల్లు.”

మర్నాడు తొలి బండి వేళకు బయల్దేరింది. అప్పలసూరి ట్రాక్టరును దాటాడు, గొర్రెలను దాటాడు, పాలవాణ్ణి దాటాడు. ఎండ ఎక్కకముందే సింగరాయపట్నం చేరాడు. బండి దిగడానికి ఎవరూ లేరు. కండక్టరు అలవాటు కొద్దీ మార్కెట్, మార్కెట్ అని రెండుసార్లు అరిచి ఊరుకున్నాడు. ఆ వారమంతా అలాగే నడిపారు. తర్వాత కొత్త మేనేజరు లెక్క అడిగాడు, తవిటినాయుడు ఉన్నదే చెప్పాడు.

ఒకటో ప్లాట్‌ఫారం స్తంభానికి నోటీసు అంటించారు. అప్పలసూరి అక్కడే నిలబడి ఉన్నాడు. అతన్ని వేరే రూటుకు వేశారు. నోటీసులో ఏముందని నూకరత్నం అడిగింది. ప్రయాణికుల నుండి ఆదరణ లేనందున తొలి సర్వీసు రద్దు చేశారని, ఇకపై ఒకటో ప్లాట్‌ఫారం నుంచి ఏ బస్సూ నడవదని అతను చదివి చెప్పాడు.

“అయితే ఇక్కడికి ఇంక బండి రాదా?”

“రాదప్పా.”

నూకరత్నం లేచి, ప్లాట్‌ఫారం అంచున ఉన్న గోనెను, బుట్టను, కత్తిపీటను తీసుకెళ్లి నడిమధ్యన పెట్టుకుని కూర్చుంది.